రైడింగ్ మోవర్‌కు ‘ఫుల్ సర్వీస్’ అని చెప్పి వాటర్ వాష్ చేసి ఇచ్చేస్తున్నారు, జాగ్రత్త

శంకర్‌పల్లి, మొయినాబాద్, శామీర్‌పేట వైపు విల్లాల్లో, ఫామ్‌హౌస్‌ల్లో రైడింగ్ లాన్ మోవర్ (మీద కూర్చుని నడుపుతూ గడ్డి కోసే బండి) వాడుతున్నవాళ్లు దయచేసి ఇది చదవండి. ముఖ్యంగా, బండి అమ్మినవాళ్ల దగ్గరే ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్టు) తీసుకున్నవాళ్లు.

మా కమ్యూనిటీ పార్కుకు బండి కొన్నప్పుడే ఏడాది మెయింటెనెన్స్ కింద 18,000 రూపాయలు విడిగా కట్టించుకున్నారు. కాగితం మీద అన్నీ ఉన్నాయి: ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్లు, స్పార్క్ ప్లగ్, బ్లేడ్లకు సాన, డెక్ (బండి కింద బ్లేడ్లను కప్పి ఉండే రేకు డొప్ప) క్లీనింగ్, గ్రీజు. వానాకాలానికి ముందు బండి తీసుకెళ్లి, తళతళా మెరిసేలా తెచ్చి గేటు దగ్గర దించారు. జాబ్ కార్డు మీద సెక్యూరిటీ అబ్బాయి సంతకం తీసుకుని వెళ్లిపోయారు.

వానలు మొదలై గడ్డి ఏపుగా పెరిగే సమయానికి మా మాలి వచ్చి, “సార్, కింద నుంచి గరగర సౌండ్ వస్తోంది. ఒక పక్క గడ్డి తెగుతలేదు, వంగి మళ్లీ లేస్తోంది” అన్నాడు. బాలానగర్ నుంచి వేరే మెకానిక్‌ని పిలిచి, కమిటీవాళ్లం అందరం ఉండగానే డెక్ దింపించాం.

పైన అంత మెరుపు, కింద మాత్రం పాత గడ్డి ఎండి, పిడకలా గట్టిగా అతుక్కుని ఉంది. స్క్రూడ్రైవర్‌తో పెళ్లగిస్తే దాని వెనక రేకు తుప్పు పట్టి పొరలుగా ఊడింది. బ్లేడ్లకు ఎర్ర పెయింట్ కొట్టారు గానీ, అంచు మీద వేలు ఆనిస్తే మొద్దుగా తగిలింది. గడ్డి తెగకపోవడానికి అసలు కారణం ఒక బ్లేడు తిరగేసి బిగించడం. బ్లేడుకు పైకి లేచిన రెక్క ఉంటుంది కదా, అది డెక్ వైపు, అంటే పైకి ఉండాలి. దాన్ని కిందికి పెట్టారు. బ్లేడు తిరిగే ఇరుసును, అంటే స్పిండిల్‌ని చేత్తో తిప్పితే బేరింగ్‌లోంచి తుప్పు నీళ్లు కారాయి.

ఆ నీళ్లు ఎక్కడివో మెకానిక్ చూపించాడు. కార్లు కడిగే ప్రెషర్ గన్‌తో బండి మొత్తం కడిగేశారు. స్పిండిల్ బేరింగ్‌కు ఉండే రబ్బరు సీల్ దుమ్మునీ మామూలు తుంపరనీ ఆపగలదు గానీ, అంత ఫోర్సుతో కొట్టే నీటిని ఆపలేదు. నీళ్లు లోపలికి పోయి గ్రీజును పాడుచేస్తాయి, కొద్ది వారాల్లోనే బేరింగ్ అరుస్తుంది. ఇంజిన్ దగ్గర ఇంకా దారుణం. కూలింగ్ ఫిన్స్ (ఇంజిన్‌ను చల్లబరిచే పలుచటి లోహపు రెక్కలు) మధ్య ఉన్న గడ్డిపొట్టు, ఎర్రమట్టి దుమ్ము ఈ నీళ్లతో బురదై అక్కడే గట్టిపడింది. ఇది గాలితో చల్లబడే ఇంజిన్. మన ఎండల్లో ఆ సందులు మూసుకుపోతే ఇంజిన్ సీజ్ అయ్యేదాకా వెళ్తుంది. అక్కడ బ్లోయర్‌తో గాలి కొట్టాలి, లేదా పై కవర్ విప్పి బ్రష్‌తో దులపాలి.

ఎయిర్ ఫిల్టర్ చూస్తే నాకు నిజంగా కోపం వచ్చింది. పేపర్ ఫిల్టర్‌ని కడిగి, ఆరబెట్టి, మళ్లీ పెట్టారు. మడతలన్నీ వంకర్లు తిరిగి ఉన్నాయి. కడగాల్సింది దాని మీద ఉండే స్పాంజిని మాత్రమే. పేపర్‌ని మెల్లగా తట్టి దులపాలి, నల్లబడితే మార్చాలి. ఆయిల్ కూడా మార్చలేదు, పాత నల్ల ఆయిల్‌లోనే కొంచెం పోసి లెవెల్ చేశారు. మాన్యువల్‌లో ప్రతి 50 గంటలకు మార్చమని ఉంది. సీటు ముందున్న అవర్ మీటర్ (బండి ఎన్ని గంటలు నడిచిందో చూపేది) చూస్తే ఆ గడువు ఎప్పుడో దాటిపోయింది.

అడిగితే వాళ్ల జవాబు: “మీరే వానలో తడిపారు.” మా బండి ఉండేది షెడ్డులో.

కాబట్టి సర్వీస్ మీ ఆవరణలోనే, మీ కళ్ల ముందే చేయించుకోండి. తీసిన పాత ఫిల్టర్, ప్లగ్, వాడేసిన ఆయిల్ మీకు చూపించాకే కొత్తవి వేయమనండి. జాబ్ కార్డు మీద అవర్ మీటర్ రీడింగ్ రాయించండి. గేటు దగ్గర ఎవరూ సంతకం పెట్టొద్దని సెక్యూరిటీకి గట్టిగా చెప్పండి. బ్లేడుకు సాన పట్టాక దాని మధ్య రంధ్రాన్ని గోడ మేకుకు తగిలించి చూడండి. ఒక వైపు వాలితే అటు బరువు ఎక్కువని అర్థం. అలాగే బిగిస్తే నిమిషానికి 3,000 సార్లకు పైగా తిరిగేటప్పుడు ఆ అదురంతా బేరింగ్ మీదే పడుతుంది.

డెక్ అడుగును మాత్రం సర్వీస్ దాకా ఆపకండి. తడి గడ్డి కోసిన రోజే గీకేయాలి. డెక్ మీద వాష్ పోర్ట్ (నీళ్ల పైపు తగిలించే మూతి) ఉంటే మామూలు తోట పైపు చాలు. కడిగాక కాసేపు బ్లేడ్లు తిప్పి ఆరనివ్వండి. చేత్తో చేసేటప్పుడు తాళం తీసి, స్పార్క్ ప్లగ్ వైరు లాగేశాకే కింద చెయ్యి పెట్టనివ్వండి. ఒక్క జాకీ మీద లేపి కింద దూరడం అస్సలు వద్దు. మాలి ఎంత అనుభవం ఉన్నవాడైనా సరే, ఈ విషయంలో మొహమాటపడకండి.

పెట్రోల్ సంగతి కూడా ఏఎంసీవాళ్లెవరూ చెప్పడం లేదు. ఇప్పుడు మన బంకుల్లో మామూలుగా దొరికేది 20 శాతం దాకా ఇథనాల్ కలిసిన పెట్రోల్. చాలా మోవర్ ఇంజిన్ల మాన్యువల్స్‌లో 10 శాతం దాటొద్దని ఉంటుంది. మీ మాన్యువల్ ఒకసారి చూడండి. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది కాబట్టి, నెలకు మించి బండి తీయకపోతే ట్యాంకులో పెట్రోల్ ఉంచకండి, కార్బురేటర్ పట్టేస్తుంది.

మాకు బేరింగ్‌లు రాణిగంజ్‌లో దొరికాయి. పాతదాని అంచు మీద నంబర్ ఉంటుంది, అది చూపిస్తే ఇచ్చేస్తారు. ఖర్చు బిల్లులు, విప్పినప్పుడు తీసిన వీడియో, వాళ్ల జాబ్ కార్డు జతచేసి డబ్బు వాపసు అడుగుతూ రాతపూర్వకంగా పంపాం. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో కూడా ఫిర్యాదు నమోదు చేశాం. మీకూ ఇలాగే జరిగితే, డెక్ విప్పే ముందే వీడియో ఆన్ చేయండి. తిరగేసి బిగించిన బ్లేడు ఉన్నది ఉన్నట్టు అందులో కనబడాలి.