జనరల్ ఎడ్యుకేషన్ కోర్సుల్లో (ఏ సబ్జెక్టు వాళ్ళైనా కాలేజీలో అందరూ చదివే ఉమ్మడి కోర్సులు) పిల్లలు ఏం నేర్చుకున్నారో తేల్చేది పరీక్షా, అసైన్‌మెంటా?

గ్రేడ్లు చూస్తే సరిపోదా అని చాలామంది అడుగుతారు. సరిపోదు, ఎందుకంటే గ్రేడులో హాజరు, గడువు, క్విజ్ మార్కులు అన్నీ కలిసిపోతాయి, విద్యార్థికి వాదన నిర్మించడం వచ్చిందా లేదా అన్నది అందులో కనబడదు.

ఇక మిగిలేవి రెండు దారులు. ఒకటి, అందరికీ ఒకే ప్రామాణిక పరీక్ష. అమెరికాలో సీఎల్ఏ (కాలేజియేట్ లెర్నింగ్ అసెస్‌మెంట్) లాంటివి ఇందుకే వచ్చాయి. కాలేజీల మధ్య పోల్చడం తేలిక, అధ్యాపకులకు దిద్దే పని లేదు. కానీ మార్కులు లెక్కలోకి రాని పరీక్షను పిల్లలెందుకు మనసు పెట్టి రాస్తారు? అరగంటలో ముగించి వెళ్ళిపోతే మనం కొలిచింది నేర్చుకున్నదాన్ని కాదు, విసుగుని.

రెండోది, క్లాసులో ఎలాగూ రాసిన వ్యాసాలనే తీసుకుని రూబ్రిక్‌తో, అంటే ఒక్కో నైపుణ్యాంశానికి ఒక్కో వరుసలో ఏ స్థాయి ఎలా ఉంటుందో చెప్పే పట్టికతో, చూడటం. 2009లో అమెరికా కాలేజీలు, యూనివర్సిటీల సంఘం ఏఏసీ అండ్ యూ విడుదల చేసిన వాల్యూ రూబ్రిక్స్ ఈ పద్ధతివే, విమర్శనాత్మక ఆలోచన, రాత వంటి వాటికి 1 నుంచి 4 దాకా స్థాయిలుంటాయి. ఇక్కడ తలనొప్పి వేరే. ఒకే వ్యాసానికి ఒకరు 2 ఇస్తే ఇంకొకరు 4 ఇస్తారు, కాబట్టి ముందు అందరూ కూర్చుని కొన్ని నమూనాలు దిద్ది, ఎందుకు తేడా వచ్చిందో మాట్లాడుకోవాలి. పైగా అసైన్‌మెంట్ ఆధారాలు చూపమని అడగకపోతే, ఆధారాల వరుసలో ఎవరికీ మంచి స్కోరు రాదు, తప్పు ప్రశ్నది, విద్యార్థిది కాదు. (నిజానికి నాకు ఈ పద్ధతిలో బాగా నచ్చింది ఇదే, లోపం నేరుగా మన ప్రశ్నపత్రం దగ్గరికే వచ్చి నిలబడుతుంది.)

పైవాళ్ళకి పోల్చే అంకెలే కావాలంటే పరీక్ష పెట్టుకోండి. వచ్చే సెమిస్టర్ పాఠం మార్చుకోవాలంటే మాత్రం నా ఓటు రూబ్రిక్‌కే, అదీ ఏడాదికి ఒకటో రెండో నైపుణ్యాలకే, అన్నీ ఒకేసారి మొదలుపెడితే సగంలోనే వదిలేస్తారు.