సింగపూర్ వెళ్తే హిల్ స్ట్రీట్ ఫైర్ స్టేషన్‌కి ఒక పూట ఉంచుకోండి

సింగపూర్ ప్యాకేజీలన్నీ దాదాపు ఒకేలా ఉంటాయి: సెంటోసా, యూనివర్సల్ స్టూడియోస్, మెర్లయన్, చివర్లో ముస్తఫాలో షాపింగ్. హిల్ స్ట్రీట్‌లోని సెంట్రల్ ఫైర్ స్టేషన్ గురించి మా ఏజెంటును అడిగితే, "ఫైర్ స్టేషన్‌లో చూడ్డానికి ఏముంటుందండీ?" అన్నాడు. చాలా ఉంది. పైగా లోపలికి టికెట్ కూడా లేదు.

1909లో తెరిచిన ఈ స్టేషన్ సింగపూర్‌లో ఇప్పుడున్న ఫైర్ స్టేషన్లలో అన్నిటికంటే పాతది. ఎర్ర ఇటుక వరస, తెల్ల గచ్చు పట్టీ, మళ్లీ ఎర్ర ఇటుక. గోడంతా ఇలాగే అంచెలంచెలుగా పైకి వెళ్తుంది. దగ్గరికి వెళ్లి చూస్తే ఇటుకల మధ్య సన్నటి సున్నపు గీతలు కూడా కనబడతాయి. నాకు అన్నిటికంటే నచ్చింది మాత్రం మధ్యలో నిలబడ్డ బురుజు. అందం కోసమే కట్టారనుకుంటాం గానీ, దాని వెనక పెద్ద పనే ఉంది. ఊళ్లో ఎత్తైన భవనాలు లేని రోజుల్లో ఒక మనిషి పైన నిలబడి ఎక్కడ పొగ లేస్తోందో కనిపెట్టేవాడు. మంట ఆర్పి వచ్చాక తడిసిన గొట్టాలను ఇందులోనే పైనుంచి వేలాడదీసి ఆరబెట్టేవారు. అప్పటివి గుడ్డ గొట్టాలు, తడి ఆరకపోతే కుళ్లిపోతాయి. బురుజు పైకి మనంతట మనం వెళ్లడానికి వీల్లేదు. మమ్మల్ని సిబ్బందే వెంట తీసుకెళ్లారు. మెట్లు ఎక్కువే, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు కిందే ఆగడం మంచిది.

1998లో దీన్ని జాతీయ స్మారకంగా ప్రకటించారు. అయినా తాళం వేసి బొమ్మలా నిలబెట్టలేదు. ఒక పక్క 2001లో పెట్టిన మ్యూజియం, ఇంకో పక్క పనిచేస్తున్న స్టేషన్. మేం పాత పంపుల ముందు నిలబడి ఉండగానే బయట అలారం మోగింది. 'రెడ్ రైనో' అని పిలిచే చిన్న ఫైరింజన్ ఒకటి క్షణాల్లో రోడ్డెక్కింది. అపార్ట్‌మెంట్ల మధ్య ఇరుకు దారుల్లో కూడా దూరిపోవాలనే దాన్ని అంత చిన్నదిగా చేశారు. వందేళ్లు దాటిన గోడల మధ్య నుంచి అది దూసుకుపోవడం చూసి మా పిల్లలు చాలాసేపు ఆ మాటే మాట్లాడారు.

మ్యూజియంలో 1961 నాటి బుకిట్ హో స్వీ అగ్నిప్రమాదం గురించిన భాగాన్ని తొందరపడి దాటేయకండి. మే 25, బక్రీదు సెలవు. చెక్క గోడలు, ఆకు కప్పులు ఉన్న ఇళ్లు ఒకదానికొకటి ఆనుకుని ఉన్న బస్తీ. నలుగురు చనిపోయారు, దాదాపు 16,000 మంది నిలువ నీడ లేకుండా అయ్యారు. అంతకు ముందు ఏడాదే ఏర్పడ్డ గృహనిర్మాణ బోర్డు అదే నేల మీద ఫ్లాట్లు కట్టి ఇచ్చింది. ఇవాళ సింగపూర్ అంతటా కనిపించే ప్రభుత్వ ఫ్లాట్ల కథలో ఈ మంటకు పెద్ద చోటే ఉంది.

ఇంకో ఘటన మా బసకు దగ్గర్లోనే జరిగింది. 1986 మార్చి 15న సెరంగూన్ రోడ్డు, ఓవెన్ రోడ్డు కలిసే చోట ఆరంతస్తుల హోటల్ న్యూ వరల్డ్ భవనం నిమిషంలోపే కుప్పకూలింది. 33 మంది చనిపోయారు. డిజైన్ చేసినప్పుడు భవనం సొంత బరువునే లెక్కలోకి తీసుకోలేదని విచారణలో తేలింది. శిథిలాల కింది నుంచి 17 మందిని ప్రాణాలతో బయటికి తీశారు. ఆ మలుపు మీదుగా రోజూ ఇడ్లీ తినడానికి నడిచి వెళ్లిన నాకు, మ్యూజియం చూశాక ఆ చోటు మామూలు మలుపులా అనిపించలేదు.

బస విషయానికొస్తే, క్లార్క్ కీ దగ్గర హోటళ్ల నుంచి స్టేషన్‌కి నడిచే వెళ్లొచ్చు గానీ గది అద్దెలు భారం, రాత్రుళ్లు పబ్బుల గోల. మేం ఫారర్ పార్క్ వైపే ఉన్నాం. గది ఇరుకు, రెండు సూట్‌కేసులు తెరిస్తే నడవడానికి చోటు లేదు, అయినా కుటుంబంతో వెళ్లేవాళ్లకు నా ఓటు దానికే. శ్రీనివాస పెరుమాళ్ గుడి పక్కనే, శాకాహార హోటళ్లకు కొదవ లేదు. ఊదా రంగు మెట్రో ఎక్కితే మూడో స్టేషన్ క్లార్క్ కీ, రైలు మారక్కర్లేదు.

ఫైర్ స్టేషన్ ఒక్కదాని కోసమే రానక్కర్లేదు. ఎదురుగా 1835 నాటి ఆర్మీనియన్ చర్చి ఉంది, ప్రశాంతమైన చోటు. నది వైపు నడిస్తే 1934లో కట్టిన పాత పోలీస్ స్టేషన్, 927 కిటికీలకు రకరకాల రంగులు. ఫొటోలకు బావుంటుంది, నన్ను మాత్రం ఫైర్ స్టేషనంతగా ఆకట్టుకోలేదు.

సోమవారం మ్యూజియానికి సెలవు. పిల్లలుంటే శనివారం ఉదయం వెళ్లండి, అప్పుడు స్టేషన్‌ను కూడా దగ్గరుండి చూపిస్తారు. వేళలు మారుతుంటాయి కాబట్టి ముందు రోజు వెబ్‌సైట్‌లో ఒకసారి చూసుకోండి.