హాలులో స్టీమ్ డెక్: రెండేళ్ల వాడకం, వాల్వ్ కన్సోల్‌పై నా అభిప్రాయం

మా ఇంట్లో కంప్యూటరు లోపలి గదిలో, టీవీ హాలులో ఉంటాయి. పన్నెండేళ్లుగా స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణంలో కొనుక్కున్న 140కి పైగా ఆటలు ఆ లోపలి గది గడప దాటలేదు. తలుపు వేసుకుని నేనొక్కణ్నే ఆడుకునేవాణ్ని. రెండేళ్ల కిందట మా తమ్ముడు డల్లాస్ నుంచి హైదరాబాదు వస్తూ 512 జీబీ స్టీమ్ డెక్ ఓఎల్ఈడీని, దాన్ని టీవీకి కలపడానికి, స్టీమ్‌ను నడిపే వాల్వ్ సంస్థ విడిగా అమ్మే డాకింగ్ స్టేషన్‌ను తెచ్చిపెట్టాడు. డెక్ చేతిలో పట్టుకుని ఆడవలసిన పరికరమే అయినా, మా ఇంట్లో అది చేతుల్లో ఉన్న సమయం తక్కువ, 43 అంగుళాల టీవీ కింద డాక్‌లో కూర్చున్న సమయం ఎక్కువ. అందువల్ల ఈ సమీక్షలో దాన్ని కన్సోల్‌గానే, అంటే టీవీకి కలిపి ఆడే ఆటల యంత్రంగానే, పరిశీలిస్తున్నాను. పీసీ ఆటల దుకాణంగా పేరు తెచ్చుకున్న వాల్వ్, హాలు కోసమే ఒక యంత్రాన్ని విడుదల చేయాలా అనే ప్రశ్నకు, ఈ రెండేళ్ల వాడకాన్ని బట్టి, చేయాలనే నా సమాధానం. ఎందుకో, ఏ షరతు మీదో వివరించడానికి ప్రయత్నిస్తాను.

మొదట చెప్పుకోవలసిన గుణం నిద్ర, మెలకువ. బటన్ నొక్కితే డెక్ ఆట మధ్యలోనే నిద్రపోతుంది. మర్నాడు సాయంత్రం కంట్రోలర్ మీద బటన్ నొక్కితే, నిన్న ఆపిన అడుగు దగ్గరే ఆట మళ్ళీ మొదలవుతుంది. పీసీ మీద ఆడేవారికి ఇది చిన్న సౌకర్యంగా కనిపించవచ్చు గానీ, హాలులో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. రాత్రి భోజనానికి ముందు దొరికే అరగంటలో కంప్యూటరు తెరుచుకుని, విండోస్ అప్‌డేట్ పూర్తయి, ఆటను తెరిచే లాంచర్ ప్రోగ్రాము పాస్‌వర్డు అడిగి, ఆట మెనూ వచ్చేసరికి ఆడాలన్న ఉత్సాహమే తగ్గిపోతుంది. మా అక్క పిల్లలు ఆదివారం వచ్చినప్పుడు స్టార్డ్యూ వ్యాలీని తెరను రెండుగా చీల్చుకుని ఆడతారు, నేను ఉప్మా తెచ్చేలోపు వాళ్ల పొలంలో విత్తనాలు పడి ఉంటాయి. పూణేకు చెందిన నాడింగ్ హెడ్స్ గేమ్స్ సంస్థ 2020లో విడుదల చేసిన రాజీ ఆటను, అందులోని కోటలనూ కుడ్యచిత్రాలనూ, మా అమ్మ పక్కన కూర్చుని చివరిదాకా చూసింది. లోపలి గదిలో ఉన్నంతకాలం ఆమెకు ఆ ఆట ఉన్నదనే తెలియదు.

శక్తి విషయంలో మాత్రం డెక్‌కు ఉన్న హద్దును ముందే తెలుసుకోవాలి. దానిలో ఉన్నది 1280×800 చుక్కల సొంత తెరకు తగినట్లుగా తయారుచేసిన చిప్. ఏఎండీ అనే చిప్‌ల సంస్థ తయారుచేసిన నాలుగు కోర్ల జెన్ 2 ప్రాసెసరు, ఎనిమిది యూనిట్ల ఆర్‌డీఎన్ఏ 2 గ్రాఫిక్స్, 16 జీబీ మెమరీ అందులో ఉన్నాయి. పెద్ద టీవీ మీద 1080పీలో హేడీస్, సెలెస్ట్ వంటి ఆటలు చక్కగా నడుస్తాయి కానీ, ఈ మధ్య వచ్చిన భారీ ఆటలకు ఆ చిప్ సరిపోదు. 2025 నవంబరు 12న వాల్వ్ ప్రకటించిన కొత్త స్టీమ్ మెషీన్ ఈ లోటును పూడ్చడానికి ఉద్దేశించినదే. ఆరు కోర్ల జెన్ 4 ప్రాసెసరు, 28 యూనిట్ల ఆర్‌డీఎన్ఏ 3 గ్రాఫిక్స్, దానికి విడిగా 8 జీబీ మెమరీ ఉన్న ఈ చిన్న నల్లని పెట్టె డెక్ కన్నా ఆరు రెట్లకు పైగా శక్తిమంతమని సంస్థ చెప్పింది.

అయితే డెక్ నాకు నేర్పిన పాఠం శక్తి గురించినది కాదు. వెలుగు, నీడ, నీటి మెరుపు తెర మీద ఎలా గీయాలో గ్రాఫిక్స్ చిప్‌కు చెప్పే చిన్న ప్రోగ్రాములను షేడర్లు అంటారు. పీసీల్లో చిప్‌లూ, వాటిని నడిపే డ్రైవర్ ప్రోగ్రాములూ వందల రకాలు కాబట్టి, షేడర్లను ఆడేవారి యంత్రం మీదే అప్పటికప్పుడు సిద్ధం చేయవలసి వస్తుంది, అందుకే ఖరీదైన పీసీలో కూడా కొత్త ప్రదేశంలో అడుగు పెట్టగానే ఆట ఒక్క క్షణం తడబడుతుంది. డెక్‌లన్నిటిలోనూ ఒకే తరహా చిప్ ఉండటం వల్ల, వాల్వ్ ఆ షేడర్లను ముందే సిద్ధం చేసి ఆటతో పాటు దింపగలుగుతోంది. 2022 ఫిబ్రవరిలో ఎల్డెన్ రింగ్ ఆట విడుదలైనప్పుడు పీసీల మీద ఇలాంటి తడబాటు గురించి విస్తృతంగా ఫిర్యాదులు వచ్చాయి. అదే వారంలో కొనుగోలుదారులకు చేరడం మొదలైన డెక్ కోసం వాల్వ్ ఇంజనీర్లు తమ ప్రోటాన్ పొరలోనే దానికి చికిత్స చేశారు. విండోస్ కోసం రాసిన ఆటను, డెక్‌లో ఉండే లినక్స్ అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడిపించే పొరకే ప్రోటాన్ అని పేరు. ఆటను తయారుచేసినవారి కన్నా ముందు, దాన్ని అమ్మే సంస్థ, అది కూడా మరో ఆపరేటింగ్ సిస్టమ్ మీద, దాన్ని సరిచేయగలగడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యంగానే ఉంటుంది. యంత్రాన్నీ సాఫ్ట్‌వేర్‌నూ ఒకే చేయి తీర్చిదిద్దితేనే అది సాధ్యం. సొంత యంత్రం లేకుండా వాల్వ్ ఈ పని చేయగలిగేది కాదనడానికి దాని గతమే సాక్ష్యం.

ఆ గతం 2012లో మొదలవుతుంది. మైక్రోసాఫ్ట్‌లో చాలా ఏళ్లు పనిచేసి బయటికి వచ్చి 1996లో వాల్వ్‌ను స్థాపించిన ఇద్దరిలో ఒకరైన గేబ్ న్యూవెల్, విండోస్ 8 పీసీ రంగానికి పెద్ద ఉపద్రవమని ఆ ఏడాది బహిరంగంగానే అన్నారు. విండోస్‌లోనే మైక్రోసాఫ్ట్ సొంత దుకాణం తెరిస్తే, 2003 నుంచి అదే విండోస్ మీద నడుస్తున్న స్టీమ్ ఎప్పటికైనా అద్దె ఇంట్లో ఉన్నట్లే అవుతుందనే భయం ఆ మాటల వెనక ఉంది. 2013 సెప్టెంబరులో లినక్స్ ఆధారంగా స్టీమ్ఓఎస్ అనే సొంత ఆపరేటింగ్ సిస్టమ్‌నూ, దానితో నడిచే మొదటి తరం స్టీమ్ మెషీన్లనూ, కొత్త కంట్రోలర్‌నూ ప్రకటించడానికి అదే కారణం. 2015 నవంబరు 10న ఆ మెషీన్లు మార్కెట్లోకి వచ్చాయి. కానీ వాటిని తయారుచేసింది ఏలియన్‌వేర్, జోటాక్, సైబర్‌పవర్ వంటి సంస్థలు. ఒకటి 450 డాలర్లు, మరొకటి వేల డాలర్లు. ఒక దానిలో ఉన్న చిప్ ఇంకో దానిలో లేదు. టీవీ కింద పెట్టుకోవడానికి ఒక పెట్టె కొనాలని దుకాణానికి వచ్చినవారికి మళ్ళీ గ్రాఫిక్స్ కార్డుల పట్టిక చేతిలో పెట్టినట్లయింది. విండోస్ ఆటల్లో కొద్ది భాగమే స్టీమ్ఓఎస్ మీద నడిచేది, నడిచినవాటిలోనూ చాలా ఆటలు అదే యంత్రంపై విండోస్‌లో కన్నా నెమ్మదిగా నడుస్తున్నట్లు అప్పటి పరీక్షల్లో తేలింది. 2018 వసంతంలో స్టీమ్ దుకాణపు మెనూలోంచి ఆ మెషీన్ల విభాగం కనుమరుగైంది. ఆ ఏడాది నవంబరులో, పీసీలో నడిచే ఆటను టీవీ మీద చూపే స్టీమ్ లింక్ పెట్టె అమ్మకం, మరుసటి ఏడాది నవంబరులో కంట్రోలర్ అమ్మకం నిలిచిపోయాయి. చివరి నిల్వలుగా మిగిలిన కంట్రోలర్లను 5 డాలర్ల చొప్పున అమ్మేశారు.

పీసీ ఆటల సంస్థ హాలులోకి రాకూడదని వాదించేవారు ఈ చరిత్రనే చూపిస్తారు. నా దృష్టిలో అప్పుడు వాల్వ్ హాలులోకి అసలు రానేలేదు, ఇతరులను పంపి తాను వాకిట్లో నిలబడింది. ప్రోటాన్ వచ్చింది 2018 ఆగస్టులో, అంటే ఆ మెషీన్లు మూలపడిన తర్వాత. డెక్ వచ్చింది 2022లో, ఈసారి వాల్వ్ పేరుతోనే, 399 డాలర్ల ప్రారంభ ధరతో, ఏ ఆట దానిమీద ఎంత బాగా నడుస్తుందో వాల్వే పరీక్షించి ఇచ్చే గుర్తులతో. 2025లో, డెక్ లాంటిదే అయిన లెనోవో లీజియన్ గో ఎస్‌ను రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లతోనూ పరీక్షించినప్పుడు, చాలా ఆటలు విండోస్ కన్నా స్టీమ్ఓఎస్ మీదే వేగంగా నడిచాయి. పదేళ్ల కిందటి ఫలితం తలకిందులైంది. ఇంత పని చేసి, ఆ ఫలాన్ని ఏడంగుళాల తెరకే పరిమితం చేయడం తగదు.

హాలుకు తగినట్లు మారవలసినవి ఇంకా ఉన్నాయి. వాటిలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఖాతా. పీసీ ఒకరిది, హాలు ఇంటిల్లిపాదిది. 2024 సెప్టెంబరులో వచ్చిన స్టీమ్ ఫ్యామిలీస్ ద్వారా ఒకే ఇంట్లోని ఆరుగురు వరకు ఆటలను పంచుకోవచ్చు. నేను ఒక ఆట ఆడుతుండగా మరొకరు వేరే ఆట ఆడవచ్చు, కానీ ఒకే ఆటను ఇద్దరూ వేర్వేరు పరికరాల్లో ఒకేసారి ఆడాలంటే రెండో కాపీ కొనాలి. ఇది న్యాయమైన ఏర్పాటే. అయితే కుటుంబంలో ఒకరు నా ఆటలో మోసానికి పాల్పడి నిషేధానికి గురైతే, ఆ ఆట నాకు కూడా మూతపడుతుంది. పిల్లల చేతికి కంట్రోలర్ ఇచ్చే ఇంట్లో ఈ నిబంధనను ముందే తెలుసుకోవడం మంచిది.

అంతకన్నా పెద్ద అడ్డంకి మోసాలను పట్టే సాఫ్ట్‌వేర్. వాలరెంట్, ఫోర్ట్‌నైట్, ఫుట్‌బాల్ ఆట ఈఏ స్పోర్ట్స్ ఎఫ్‌సీ వంటివాటిలోని అలాంటి సాఫ్ట్‌వేర్ లినక్స్‌ను అనుమతించదు కాబట్టి అవి స్టీమ్ఓఎస్ మీద నడవవు. 2024లో జీటీఏ ఆన్‌లైన్, ఏపెక్స్ లెజెండ్స్ కూడా డెక్ ఆటగాళ్లకు తలుపు మూశాయి. హాలులో నలుగురు స్నేహితులు చేరినప్పుడు ముందుగా అడిగేది ఫుట్‌బాల్ ఆట. దానికి లేదని చెప్పవలసి రావడం కన్సోల్ అనే పేరుకు నిజమైన లోటు. తెర వెనక చర్చలతోనో, లినక్స్ కెర్నెల్‌లో, అంటే దాని మూల భాగంలో, నమ్మదగిన ఏర్పాటుతోనో, వాల్వ్ దీన్ని పరిష్కరించి తీరాలి. వాల్వ్ కన్సోల్‌కు నేను పెట్టే షరతు ఇదే.

ధర విషయంలో నా అభిప్రాయం కొందరికి నచ్చకపోవచ్చు. సోనీ, మైక్రోసాఫ్ట్ తమ కన్సోళ్లను తయారీ ఖర్చుకు దగ్గరగానో, నష్టానికో అమ్మి, ఆటల మీద వచ్చే వాటాతో పూడ్చుకోవడం పాత పద్ధతి. స్టీమ్‌లోనూ సంస్థ వాటా మామూలుగా 30 శాతం కాబట్టి వాల్వ్ కూడా అలాగే చేయవచ్చని చాలామంది ఆశించారు. కానీ స్టీమ్ మెషీన్ తాళం వేయని పీసీ. దానిలో విండోస్ వేసుకోవచ్చు, స్టీమ్‌ను పూర్తిగా తీసివేయవచ్చు. నష్టానికి అమ్మితే ఆఫీసులు వందల సంఖ్యలో కొనుక్కుని, ఒక్క ఆట కూడా కొనకుండా వాడుకుంటాయి. ప్లేస్టేషన్ 3 చౌకగా దొరుకుతున్న రోజుల్లో అమెరికా వైమానిక దళపు పరిశోధకులు 1,700కు పైగా యంత్రాలను కలిపి 2010లో కాండర్ అనే సూపర్ కంప్యూటరును నిర్మించిన ఉదాహరణ మన ముందున్నది. అదే స్థాయి పీసీకి దగ్గరగా ధర ఉంటుందని, రాయితీతో అమ్మబోమని వాల్వ్ చెప్పడం అందుకే నాకు నిజాయితీగా అనిపించింది. 2025 చివరికి మెమరీ చిప్‌ల ధరలు ఎంతగా పెరిగాయో చూసినవారికి, ప్రకటన రోజున ధర చెప్పకపోవడానికి కారణం కూడా అర్థమవుతుంది.

టీవీకి సంబంధించిన ఒక సాంకేతిక చిక్కు కూడా ఉంది. టీవీకి బొమ్మను చేరవేసే కేబుల్ ప్రమాణమైన హెచ్‌డీఎంఐ 2.1 కోసం ఏఎండీ లినక్స్‌లో తయారుచేసిన ఓపెన్ సోర్స్ డ్రైవర్‌కు ఆ ప్రమాణాన్ని నిర్వహించే ఫోరమ్ 2024లో అనుమతి నిరాకరించింది. టీవీలకు ఉండేది హెచ్‌డీఎంఐ ఒక్కటే కాబట్టి, 4కే తెరపై సెకనుకు 120 ఫ్రేములను పూర్తి రంగులతో చూపడంలో స్టీమ్ పెట్టె వెనకబడుతుంది. మా టీవీ 60 దగ్గరే ఆగుతుంది కాబట్టి నాకు ఇబ్బంది లేదు, లక్ష రూపాయల టీవీ కొన్నవారు మాత్రం దీన్ని గమనించాలి.

మన దేశంలో కొనదలచినవారికి నా సలహా కొంచెం కఠినంగానే ఉంటుంది. వాల్వ్ డెక్‌ను భారతదేశంలో అధికారికంగా అమ్మలేదు. బయటి నుంచి తెప్పించి అమ్మే దుకాణంలో కొంటే వారంటీ ఆ దుకాణదారు మాట మీదే ఆధారపడి ఉంటుంది. విడిగా చౌక డాక్ ఒకటి కొని, అది నెలలోపే పాడై, బిల్లు పట్టుకుని వెళ్తే మార్చడానికి నిరాకరించిన ఒక దుకాణం అనుభవం నాకు ఉంది. 2021 ఫిబ్రవరిలో ప్లేస్టేషన్ 5 మన దగ్గర 49,990 రూపాయలకు విడుదలైంది. దాని డిస్కులను ఆడి అమ్ముకునే, మార్చుకునే వీలుంది, స్టీమ్‌లో కొన్న ఆటకు ఆ వీలు లేదు. అందుకు బదులుగా స్టీమ్‌లో రూపాయల ధరలు ఉన్నాయి, దీపావళి, సంక్రాంతి సమయాలకు దగ్గరగా వచ్చే పెద్ద తగ్గింపులు ఉన్నాయి, పదేళ్ల కిందట కొన్న ఆట కొత్త యంత్రంలోనూ డబ్బు అడగకుండా నడుస్తుంది. ఇప్పటికే స్టీమ్‌లో యాభై ఆటలు ఉన్నవారికి ఈ లెక్క వాల్వ్ వైపు మొగ్గుతుంది. కొత్తగా మొదలుపెట్టేవారికి, ముఖ్యంగా ఫుట్‌బాల్ కోసమే కొనేవారికి, ప్లేస్టేషనే తగినది.

అధికారిక అమ్మకం మొదలయ్యేదాకా, ఇంట్లో మంచి పీసీ, ఆండ్రాయిడ్ టీవీ ఉన్నవారు ఉచితంగా దొరికే స్టీమ్ లింక్ యాప్‌ను టీవీలో వేసుకుని, ఒక కంట్రోలర్ జత చేసి చూడవచ్చు. వైఫైతో తొందరపడి తీర్పు చెప్పకుండా, కనీసం పీసీ నుంచి రౌటర్ వరకైనా ల్యాన్ కేబుల్ వేయండి. మా ఇంట్లో డెక్ మీద బరువయ్యే ఆటలను లోపలి గదిలోని కంప్యూటరు నుంచి హాలులోకి నేను తెచ్చుకునే దారి ఇదే.