పాత లారీకి ఎయిర్ పైపు మార్చాలంటే రాగి మేలా, స్టీలు మేలా?

ఎర్రగుంట్ల, కడప వైపు పాత లారీలు ఉన్నవాళ్లు కలిసినప్పుడల్లా నన్ను అడిగేది ఇదే. ఎయిర్ ఫోర్స్‌లో 20 ఏళ్లు ఎయిర్‌ఫ్రేమ్ (ఇంజను కాక మిగతా విమానం బాడీ) పని చేసి వచ్చాను కాబట్టి, "విమానాలకు ఏది వేస్తారో అదే మా బండికీ వేద్దాం సార్" అంటారు. పోయిన నెల మా అన్న లారీకి, బ్రేకుల గాలి నింపే కంప్రెసర్ నుంచి ఆ గాలి నిలవుండే ట్యాంకు దాకా పైపు మార్చాల్సి వచ్చింది. రాగి తీసేసి స్టీలు వేశాను.

అన్న మదనపల్లె నుంచి టమేటా లోడుతో వస్తూ గువ్వలచెరువులో కోవా కోసం ఆగాడు. ఘాట్ దిగే ముందు అక్కడ ఆగడం ఆయన అలవాటు. మళ్లీ స్టార్ట్ చేస్తే ఎయిర్ గేజ్ ముల్లు 4 దగ్గరే నిలబడిపోయింది. మామూలుగా 7 దాటాలి. నాకు ఫోన్ చేశాడు. "దిగొద్దన్నా, నేనొస్తున్నా" అని బయలుదేరాను. సబ్బు నీళ్లు పూస్తే కంప్రెసర్ దగ్గరి నట్టు వెనకాల బుడగలు లేచాయి. నట్టు విప్పితే, ఫ్లేర్ (నట్టులో కూర్చునేలా గరాటులా విప్పిన పైపు చివర) మొదలయ్యే చోట వెంట్రుకంత చీలిక, పైపు చుట్టూ సగం దాకా. చేత్తో పట్టుకుని కొంచెం వంచగానే పుటుక్కుమని విరిగింది. మెత్తటి రాగి అట్లా విరగదు. బండిది పాత కాలం ఒకే సర్క్యూట్, అంటే అన్ని చక్రాల బ్రేకులకూ ఒకే గాలి లైను. ట్యాంకులో గాలి బ్రేకు తొక్కినప్పుడల్లా తగ్గుతుందే తప్ప మళ్లీ నిండదు. ఆ లోడుతో ఆ మలుపుల్లో దిగి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ గుండె దడదడమంటుంది.

రాగిలో ఉన్న చిక్కు ఇదే. కొత్తగా ఉన్నప్పుడు మెత్తగా, చెప్పినట్టు వంగుతుంది, ఫ్లేర్ అందంగా వస్తుంది. కానీ వంచిన కొద్దీ, ఊగిన కొద్దీ బిరుసెక్కుతుంది. ఇంజను మీద ఉన్న కంప్రెసర్ ఒక తీరుగా ఊగుతుంది, చాసిస్ మీద ఉన్న ట్యాంకు ఇంకో తీరుగా. మధ్యలో నలిగేది పైపు. స్టీలుకు ఒక హద్దు ఉంది. ఆ హద్దు లోపల ఉన్న ఊపును ఎన్ని లక్షల సార్లయినా తట్టుకుంటుంది. రాగికీ, అల్యూమినియానికీ అట్లాంటి స్పష్టమైన హద్దు లేదు. ఊపు చిన్నదైనా సరే, లెక్క పెరుగుతూ పోతే ఏదో ఒక రోజు చీలుతుంది. పాత విమానాల్లో రాగి పైపులు చాలా వాడేవారు. తర్వాత వాటి స్థానంలో అల్యూమినియం మిశ్రమం, స్టెయిన్‌లెస్ స్టీలు రావడానికి ఈ బిరుసెక్కే గుణం ఒక ముఖ్య కారణం. రెండో ప్రపంచ యుద్ధం నాటి స్పిట్‌ఫైర్ లాంటి యుద్ధవిమానంలో బ్రేకులు, ఫ్లాపులు (రెక్కల వెనక కిందికి దిగే పలకలు) గాలితోనే పనిచేసేవి. అక్కడ పైపు చీలితే ఎంత ప్రమాదమో, ఘాట్‌లో లోడు బండికీ అంతే.

రాగిని అసలు వాడొద్దని నేను అనను. దాన్ని మళ్లీ మెత్తబరచవచ్చు, అది పెద్ద సుగుణం. పైపు విప్పి, నీడలో పెట్టి, మసక ఎరుపు వచ్చేదాకా కాల్చి చల్లారనిస్తే మొదటి మెత్తదనం తిరిగి వస్తుంది. నీళ్లలో ముంచినా, గాలికి వదిలేసినా తేడా ఉండదు. కాల్చినప్పుడు లోపల నల్లటి పొర కడుతుంది, అది పెచ్చులుగా రాలి వాల్వుల్లోకి పోకుండా బాగా శుభ్రం చేసి గాలి కొట్టాలి. ఏడాదికోసారి ఈ పని చేసే ఓపిక ఉంటే రాగి చాలా కాలం వస్తుంది. ఎంతమందికి ఉంటుంది? నాకు తెలిసి, చీలాక టంకం పెట్టించుకునేవాళ్లే ఎక్కువ. కంప్రెసర్ నుంచి వచ్చే గాలి 150 డిగ్రీలు దాటవచ్చు. ఆ వేడిలో, ఆ ఊపులో టంకాన్ని నమ్మకండి.

స్టీలుకు ఉన్న లోపం తుప్పు. చల్లారిన గాలిలో నీళ్లు దిగి, లోపలి నుంచే తినేస్తాయి. కృష్ణపట్నం పోర్టు లోడ్లు తోలేవాళ్లకు ఉప్పు గాలి వల్ల బయటి తుప్పు కూడా తోడవుతుంది, వాళ్లు నాకంటే ఎక్కువ ఆలోచించాలి. మన సీమ గాలి పొడిది. ట్యాంకు కింద డ్రైన్ రోజూ తిప్పితే ఆ భయం చాలా తగ్గుతుంది. తుప్పు నెమ్మదిగా వస్తుంది, పైపు విప్పి చూస్తే కనబడుతుంది. బిరుసెక్కిన రాగి పైకి మామూలు రాగిలాగే కనబడుతుంది. అందుకే నాకు తుప్పే నయమనిపిస్తుంది.

ట్యాంకు దాటాక చాసిస్ వెంబడి పోయే లైన్లకు మాత్రం రాగి ఉంటే ఉండనివ్వండి. అక్కడ వేడి లేదు, క్లాంపులు దగ్గర దగ్గరగా వేస్తే ఊపూ ఉండదు. చాసిస్ నుంచి యాక్సిల్‌కు ఎలాగూ రబ్బరు హోసే.

స్టెయిన్‌లెస్ మంచిదే, కానీ మన షెడ్లలో ఉన్న టూలుతో దానికి ఫ్లేర్ సరిగా రాదు. అల్యూమినియం వద్దు, ఇత్తడి యూనియన్‌తో (పైపులను కలిపే ముక్క) కలిసి తడి తగిలితే అదే ముందు తినుకుపోతుంది. నైలాన్ పైపు ట్యాంకు దాటాక బాగుంటుంది, కంప్రెసర్ వేడికి పనికిరాదు.

స్టీలు వేసేవాళ్లు అతుకు లేని మెత్తటి రకం అడగండి, గట్టి రకం తెస్తే ఫ్లేర్ దగ్గరే పగులుతుంది. విమానాల ఫ్లేర్ 37 డిగ్రీలు, బండ్లది 45. ఆ రెంటినీ కలిపితే నట్టు ఎంత బిగించినా లీకు పోదు. ఇది నేను కూడా మొదట్లో చేతి అలవాటుతో చేసిన తప్పే. వంపు దగ్గర పైపు నొక్కుకుపోయి, మొదట ఉన్న అడ్డుకొలతలో ముప్పావు వంతుకంటే సన్నబడితే ఆ ముక్క పక్కన పడేయండి. పాత పైపు తీసినప్పుడు వెలుతురుకు పెట్టి లోపల చూడండి, ఆయిల్ మాడి బొగ్గు పేరుకుని ఉంటే కంప్రెసర్‌ను కూడా చూపించాలి.

అన్న బండికి పైపును తిన్నగా లాగకుండా ఒక పెద్ద చుట్టు తిప్పి వేశాను, ఊపు ఒక్క చోటే పడకుండా. క్లాంపుల కింద పాత ట్యూబు ముక్కలు పెట్టాను. రాత్రి గేజ్ 7 చూపించాక ఇంజను ఆపి పడుకున్నాం. తెల్లారి అన్న నాకంటే ముందే లేచి క్యాబిన్ ఎక్కాడు. ముల్లు 6 మీదే ఉంది.