బ్యాక్‌గ్రౌండ్ మార్చే పనికి జింప్: ఏళ్ల తరబడి వాడాక నా అభిప్రాయం

హైదరాబాద్‌లో ఆల్బమ్ డిజైన్ చేసేవాళ్లను ఎవరిని అడిగినా ఫోటోషాప్ పేరే చెబుతారు. నేను జింప్ అనే ఫోటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ మీద చేస్తాను, 2018లో 2.10 వెర్షన్ వచ్చినప్పటి నుంచీ. ఉచితమని మొదలుపెట్టిన మాట నిజమే, తర్వాత చేయి అలవాటైపోయింది. నా దగ్గరికొచ్చే పనిలో ఎక్కువ భాగం ఒకచోట తీసిన మనిషిని ఇంకోచోట నిలబెట్టడమే. స్టూడియోలో తీసిన జంటను చార్మినార్ ముందు పెట్టాలి, పెళ్లికి రాలేకపోయిన పెద్దాయనను గ్రూప్ ఫోటోలో చేర్చాలి. "అన్నా, మా బాపును గూడ ఇండ్ల కలుపుతవా?" అంటూ ఫోన్ చూపిస్తారు. చూస్తే అది ట్యూబ్‌లైట్ కింద తీసిన వాట్సాప్ ఫోటో.

ముందు ఇబ్బందుల సంగతి. ఒక్క నొక్కుతో మనిషిని విడదీసే ఏర్పాటు జింప్‌లో లేదు. ఫోర్‌గ్రౌండ్ సెలెక్ట్ అని ఒకటుంది. మనిషి చుట్టూ వదులుగా గీత గీసి, లోపల బ్రష్‌తో రుద్దితే అంచు ఎక్కడో అదే లెక్క కట్టుకుంటుంది. చిన్న ఫోటోకు ఫరవాలేదు. పెద్ద కెమెరా ఫైల్ ఇస్తే ప్రివ్యూ వచ్చేలోపు చాయ్ తాగి రావచ్చు. అందుకే షేర్వానీ, పంచె, భుజాల్లాంటి గట్టి అంచులకు చుక్కలు పెట్టి గీత గీసుకునే పాత్ టూల్ వాడి, జుట్టుకు మాత్రమే ఫోర్‌గ్రౌండ్ సెలెక్ట్‌ను ఉంచుకుంటాను. జడలో మల్లెపూలుంటే, అదీ తెల్లగోడ ముందు తీసిన ఫోటో అయితే, ఈ లెక్కలేవీ పనిచేయవు. లేయర్ మాస్క్ (బొమ్మలో ఏది కనబడాలో, ఏది దాగాలో తెలుపు నలుపుల్లో చెప్పే పొర) మీద సన్న బ్రష్‌తో పువ్వు పువ్వూ చేత్తో దిద్దాల్సిందే. నెట్ ఓణీ ఇంకా మొండిది, గుడ్డలోంచి పాత గోడ కనబడుతూనే ఉంటుంది. అక్కడ మాస్క్‌ను బూడిదరంగులో ఉంచి కొత్త బ్యాక్‌గ్రౌండ్‌ను కాస్త తొంగిచూడనిస్తాను.

కటింగ్ శుభ్రంగా ఉంటే పని అయిపోయినట్టేనని చాలామంది అనుకుంటారు. ఫోటో అతికించినట్టు కనబడేది అంచు వల్ల తక్కువ, వెలుగు వల్ల, కాళ్ల వల్ల ఎక్కువ.

కెమెరా ఎత్తు మొదట చూస్తాను. చదునైన నేల మీద నిలబడి కంటి ఎత్తున తీస్తే, ఇంచుమించు అంతే పొడుగున్న వాళ్లందరి కళ్లూ క్షితిజరేఖ మీదే ఉంటాయి, దగ్గరున్నా దూరమున్నా. ఫోటోగ్రాఫర్ మోకాళ్ల మీద కూర్చుంటే ఆ రేఖ నడుము దగ్గరికి దిగుతుంది. జింప్‌లో ఒక గైడ్ (కొలతకు పెట్టుకునే అడ్డగీత) లాగి ఆ రేఖ మీద పెట్టుకుని మనిషి సైజు దానికి సరిపెడతాను. రెండు ఫోటోల్లో కెమెరా ఎత్తు బాగా తేడాగా ఉంటే ఆ బ్యాక్‌గ్రౌండ్ వదిలేసి వేరేది వెతుక్కోమంటాను. బేరాలు పోతాయి, పోనీ.

ఇక నీడ. మన ఊళ్లో మే 9, ఆగస్టు 3 ప్రాంతాల్లో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. అప్పుడు తీసిన చార్మినార్ ఫోటోలో జనం నీడలు పాదాల చుట్టూనే ముడుచుకుని ఉంటాయి. డిసెంబర్ సాయంత్రం అవే నీడలు బారలు బారలుగా సాగుతాయి. అక్కడున్న జనం నీడ చూశాకే నాది మొదలుపెడతాను. మనిషి లేయర్ కాపీని నల్లగా నింపి, యూనిఫైడ్ ట్రాన్స్‌ఫామ్‌తో నేల మీద పడుకోబెట్టి, కింది నేల కనబడుతూనే ముదురయ్యేలా మల్టిప్లై మోడ్‌లో పెట్టి బ్లర్ చేస్తాను. మడమ దగ్గర ముదురుగా, పదునుగా ఉండాలి, దూరం పోయేకొద్దీ పలచబడాలి. చెప్పు అంచు నేలను తాకేచోట వెంట్రుకంత నల్లగీత విడిగా వేస్తాను. అది లేకపోతే పెళ్లికొడుకు గాల్లో తేలుతుంటాడు. ఆరుబయట నీడలో ఆకాశం వెలుగు కూడా పడుతుంది కాబట్టి ఆ నలుపులో కొంచెం నీలం కలుపుతాను.

రంగుల విషయంలో 2025 మార్చిలో వచ్చిన జింప్ 3.0 నా పని సగం తగ్గించింది. కర్వ్స్ (వెలుగు, రంగు ఎక్కించి దించేది), బ్లర్ లాంటివి ఇప్పుడు లేయర్ మీద అలాగే నిలిచి ఉంటాయి, ఎప్పుడైనా తెరిచి మార్చుకోవచ్చు. అంతకుముందు వేస్తే వేసినట్టే. "కొంచెం తెల్లగా చెయ్యన్నా" అనే మాట ఎప్పుడూ అన్నీ అయ్యాకే వస్తుంది కదా! ట్యూబ్‌లైట్ పచ్చదనాన్ని కర్వ్స్‌లో గ్రీన్ చానల్ దించి తీసేస్తాను. తర్వాత మనిషి, బ్యాక్‌గ్రౌండ్ వెలుగు కలిశాయో లేదో చూడటానికి కాసేపు అన్నిటికీ పైన ఒక నల్ల లేయర్ వేసి మోడ్ ఎల్‌సీహెచ్ కలర్‌కు మారిస్తే మొత్తం బ్లాక్ అండ్ వైట్ అవుతుంది. అదే దూరంలో నిలబడ్డవాళ్ల జుట్టు దుమ్ముకు బూడిదబారి, మనవాడి జుట్టు మాత్రం కాటుకలా ఉంటే ఇట్టే తెలిసిపోతుంది. చివర్లో ఆ లేయర్ తీసేసి, మనిషికీ బ్యాక్‌గ్రౌండ్‌కూ కలిపి కాస్త ఆర్‌జీబీ నాయిస్ (సన్నటి చుక్కల గరుకు) వేస్తాను.

ఒక్కరే కూర్చుని పని చేసుకునేవాళ్లకు జింప్ చాలు. వేరే డిజైనర్లతో ఫోటోషాప్ వాళ్ల పీఎస్‌డీ ఫైళ్లు ఇచ్చిపుచ్చుకునేవాళ్లకు నేను చెప్పను. లేయర్లు తెరుచుకుంటాయి గానీ స్మార్ట్ ఆబ్జెక్టులు (మళ్లీ తెరిచి మార్చుకునేలా ఫోటోషాప్‌లో దాచిన బొమ్మలు) మామూలు బొమ్మలైపోతాయి. ప్రింటింగ్ ల్యాబ్‌కు నేను జేపెగ్ పంపుతాను కాబట్టి అక్కడ టెన్షన్ లేదు. నెట్ ఓణీ ఉన్న ఫోటోకు మాత్రం ముందే చెప్పి ఎక్కువ తీసుకుంటాను.