అమ్మానాన్నల ఆస్తి పత్రాల పని: విజయనగరంలో ఒక న్యాయవాది కార్యాలయం

మా నాన్నగారికి 79 ఏళ్లు, అమ్మకు 73. నెల్లిమర్ల వైపున్న రెండెకరాల పొలాన్ని, విజయనగరంలోని ఇంటిని ఓపిక ఉండగానే మా అన్నదమ్ములిద్దరికీ రాసేయాలని నాన్నగారు పట్టుబట్టారు. మొదట కలిసిన డాక్యుమెంటు రైటరు ఏ షరతూ లేని గిఫ్ట్ దస్తావేజు రాసి, మరునాడే రిజిస్ట్రేషన్‌కు రమ్మన్నారు. ఆ తొందర చూసి సందేహం కలిగి, గంటస్తంభానికి కొద్ది దూరంలో మేడ మీదున్న ఒక న్యాయవాది కార్యాలయానికి వెళ్లాము.

కొడుకులమైన మమ్మల్ని ఆయన బయట కూర్చోమని, అమ్మతోనూ నాన్నగారితోనూ విడివిడిగా మాట్లాడారు. ఈ పద్ధతి నాకు అన్నిటికంటే నచ్చింది. తరువాత మమ్మల్ని పిలిచి, తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం, 2007లోని 23వ సెక్షన్‌ను వివరించారు. తమను చూసుకోవాలన్న షరతుతో ఇచ్చిన ఆస్తిని పుచ్చుకున్నవారు మాట తప్పితే ఆ బదిలీ చెల్లదని, ఈ చట్టం కింద ఫిర్యాదులు వినే ట్రిబ్యునల్ ప్రకటించగలదు. కానీ అటువంటి షరతు ఉన్నదని రుజువు కావాలని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ చట్టాన్ని పెద్దలకు మేలు జరిగేలా ఉదారంగా అన్వయించాలని 2025 జనవరిలో మరో తీర్పు వచ్చినా, షరతును దస్తావేజులోనే రాసుకోవడం క్షేమమని ఆయన సలహా ఇచ్చారు.

చివరకు పొలానికి షరతుతో కూడిన గిఫ్ట్, ఇంటికి వీలునామా అని నిర్ణయించుకున్నాము. వీలునామాను బతికున్నంత కాలం మార్చుకోవచ్చు గనుక, ఇల్లు అమ్మానాన్నల చేతిలోనే ఉంటుంది. వీలునామాకు ఇద్దరు సాక్షుల సంతకాలు తప్పనిసరి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాకపోయినా ఆయన చేయించమన్నారు. నాన్నగారు నాకిచ్చిన పవర్ ఆఫ్ అటార్నీ, అంటే తన తరఫున పనులు చేసేందుకు రాసిచ్చిన అధికార పత్రం, ఆయన మతి స్థిమితం తప్పితే పనికిరాకుండా పోతుందని కూడా అక్కడే తెలిసింది. సరిగ్గా అటువంటి రోజు కోసమే దానిని దాచుకున్న మాకు ఆ మాట నిజంగా భయం కలిగించింది. బ్యాంకు నామినీ సొమ్మును అందుకునేవాడే తప్ప వారసుడు కాడన్నది మరో సంగతి.

లోపాలూ ఉన్నాయి. వారంలో ఇస్తామన్న ముసాయిదా మూడు వారాలకు వచ్చింది, అదీ ఇంగ్లీషులో. తెలుగులో కావాలని పట్టుబట్టి రాయించుకున్నాక, నాన్నగారు ప్రతి వాక్యమూ పైకి చదివి పొలం సర్వే నంబరులో తప్పును పట్టుకున్నారు. "ఆదరించవలెను" అన్న ఒక్క మాట చాలదని, తిండి, మందులు, ఆసుపత్రి ఖర్చు అని విడివిడిగా రాయించారు. ముసాయిదా మార్పులకు వేరే ఫీజు ఉంటుందని మాత్రం ముందుగా చెప్పలేదు. పని ఒప్పుకునే రోజునే మొత్తం ఎంతవుతుందో కాగితం మీద రాయించుకోవడం మంచిది.

మోకాళ్ల నొప్పులున్న అమ్మ ఆ మెట్లు రెండుసార్లు ఎక్కింది. ముందే ఫోన్ చేసి చెబితే న్యాయవాదిగారే ఇంటికి వస్తారని మూడోసారికి గాని మాకు తెలియలేదు.