పాత అంబాసిడర్‌కి అనంతపురంలో మంచి షెడ్డు

పాత మార్క్ టూ అంబాసిడర్ ఉన్నవాళ్లకు ఈ తిప్పలు తెలిసే ఉంటాయి, బ్రేక్ తొక్కితే ఆయిల్‌ని చక్రాల వైపు నెట్టే మాస్టర్ సిలిండర్ డ్రైవర్ కాళ్ల కింద, ఫ్లోర్ అడుగున ఉంటుంది. ఆయిల్ చూడాలంటే మ్యాట్ ఎత్తి, మూత తీసి, టార్చ్ కొట్టుకుంటూ వంగాలి, ఈలోపు మన అనంతపురం దుమ్ము అందులో పడకుంటే అదృష్టమే. తాడిపత్రి రోడ్డు వైపు ఉన్న ఈ షెడ్డులో బానెట్ కింద చిన్న ప్లాస్టిక్ డబ్బా బిగించి, అక్కణ్ణుంచి సిలిండర్‌కి పైపు లాగారు. ఇప్పుడు బానెట్ ఎత్తితే లెవెల్ కనిపిస్తుంది, అంతే!

నాకు బాగా నచ్చింది పైపు విషయం. మామూలు పెట్రోల్ పైపు వేస్తే బ్రేక్ ఆయిల్‌కి ఉబ్బిపోతుందని మేస్త్రీ దానికి తట్టుకునే రబ్బరే తెప్పించాడు. “సైలెన్సర్ పక్కన పోనిస్తే కాలిపోతాది సార్” అంటూ దూరంగా క్లిప్పులు వేశాడు. ముందు చక్రాల దగ్గర గ్రీజు గన్ అందని చోట వంకర నిపుల్ (గ్రీజు ఎక్కించే చిన్న మొన) పెట్టాడు, చిన్న పనే కానీ ఎంత సుఖమో.

టైమ్ మాత్రం అడగొద్దు, ఎప్పుడెళ్లినా “రేపు రాండి సార్” అనడమే. ఫ్లోర్ మూతకి కొత్త రబ్బరు వేయలేదు, అడిగి వేయించుకోండి, లేకపోతే వానకి మ్యాట్ తడుస్తుంది. 2014లో ఈ బండ్ల తయారీ ఆగిపోయింది కాబట్టి తీసిన పాత సామాను షెడ్డులో వదిలిరాకండి.